జమీందారీ వంశమైనా, మామూలు రైతు కుటుంబమైనా: వంశవృక్షాన్ని కాగితాలతో కట్టే పద్ధతి

"ముత్తాత పేరు వరకు తెలుసు, అక్కడి నుంచి వెనక్కి ఎలా వెళ్లాలి?" అని కొందరు, "మా ఇంటిపేరూ ఫలానా జమీందార్ల ఇంటిపేరూ ఒకటే, మేమూ ఆ వంశమేనా?" అని ఇంకొందరు అడుగుతూనే ఉన్నారు. ఇద్దరికీ పద్ధతి ఒకటే. మీ దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి, ప్రతి తరం దగ్గరా "ఇతను ఇతని కొడుకు" అని చూపించే ఆధారం ఒక్కటైనా దొరకాలి. రాజుగారి దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ మన ఇంటికి చేరాలని చూసినవాళ్లు దాదాపు ప్రతిసారీ మధ్యలో రెండు మూడు తరాలు ఊహించి అతికిస్తారు. ఆ అతుకు పిల్లల చేతికి వెళ్లేసరికి నిజం అయిపోతుంది.

కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, తెలంగాణ నిజాం పాలనలో ఉండేది. రికార్డుల పేర్లు, భాష, దొరికే చోటు అన్నీ వేరు కాబట్టి ఆ రెండింటినీ విడివిడిగా చెబుతాను.

## 1. మొదలుపెట్టే ముందు

మూడు తరాలు వెనక్కి వెళ్తే మీకు ఎనిమిది మంది ముత్తాతలు, ముత్తవ్వలు ఉంటారు. ఎనిమిది దారుల్లో ఒకేసారి వెళ్తే ఏదీ తెగదు. ఒక దారి ఎంచుకోండి. భూమి తండ్రి నుంచి కొడుక్కి వెళ్లింది కాబట్టి మగవైపు దారికి కాగితాలు ఎక్కువ దొరుకుతాయి, మొదటి ప్రయత్నానికి అదే తేలిక. అయితే ప్రతి తరంలోనూ భార్య పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా రాయండి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాల్లో తండ్రివైపు దారి మూసుకుపోయినప్పుడు చాలాసార్లు ఆ పుట్టింటి వైపు నుంచే తలుపు తెరుచుకుంటుంది.

ఒక్కో మనిషికి ఒక్కో పేజీ పెట్టుకోండి. పేజీలో ఉండాల్సినవి:

- ఇంటిపేరు, పేరు, వాడుక పేరు, ఊళ్లో పిలిచే పేరు
- పుట్టిన, పోయిన సంవత్సరాలు (సుమారుగా అయినా సరే, "సుమారు" అని రాసి)
- తల్లి, తండ్రి, భార్య లేదా భర్త, పిల్లలందరూ (చిన్నప్పుడే పోయినవాళ్లతో సహా)
- ఊరు, పాత తాలూకా, పాత జిల్లా
- ఈ వివరం ఎక్కడిది: కాగితమా, కళ్లారా చూసినవాళ్ల మాటా, విన్న మాటా

చివరి గడిని మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు. తాతను చూసిన మేనత్త చెప్పింది ఒక ఎత్తు, ఆ తాతకు తాత గురించి ఆమె విన్నది ఇంకో ఎత్తు. రెండింటినీ ఒకే ఇంకుతో రాసేస్తే ఏడాది తర్వాత మీకే తేడా తెలియదు.

## 2. ముందు ఇంట్లో వెతకండి

ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు ఇనప్పెట్టె, అటక, దేవుడి గూడు చూడండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా తహసీల్దారు ఆఫీసుకు వెళ్తారు, అక్కడ సర్వే నంబరు అడిగితే తెల్లముఖం వేస్తారు.

- అమ్మకం, తనఖా దస్తావేజులు, భాగపరిష్కార పత్రాలు, వీలునామాలు
- శిస్తు రసీదులు, పాత పట్టాలు, ప్రామిసరీ నోట్లు
- లగ్నపత్రికలు, శుభలేఖలు, జాతక చక్రాలు
- స్కూలు టీసీలు, సర్వీసు రిజిస్టర్లు, పింఛను కాగితాలు
- భారతం, రామాయణం లాంటి పాత పుస్తకాల మొదటి, చివరి పేజీలు (పుట్టుకలు, చావులు అక్కడ రాసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉండేది)
- పేర్లు కొట్టించిన ఇత్తడి బిందెలు, కంచాలు
- ఫొటోల వెనకవైపు

వీటన్నింటిలో భాగపరిష్కార పత్రం చాలా విలువైనది. అన్నదమ్ములందరి పేర్లు, తండ్రి పేరు, వయసులు, పోయిన అన్న పిల్లల పేర్లు, ఒక్కోసారి వితంతువైన తల్లికి ఇచ్చిన మనోవర్తి కూడా అందులో ఉంటాయి. ఒక్క కాగితంతో రెండు తరాలు తేలిపోతాయి. దస్తావేజులో ఆస్తి వివరాలొక్కటే చూసి పక్కన పెట్టేయకండి, కింద సాక్షుల పేర్లూ రాసుకోండి, ఎందుకంటే సాక్షులు చాలాసార్లు బావమరుదులో, పాలివాళ్లో అయ్యుంటారు.

దొరికిన ప్రతిదాన్నీ రెండు వైపులా ఫొటో తీయండి. మడతల దగ్గర చిరిగిన కాగితానికి సెల్లోటేపు మాత్రం వేయొద్దు, కొన్నేళ్లకు ఆ జిగురు పసుపెక్కి అక్షరాలనే తినేస్తుంది.

## 3. పెద్దవాళ్లను ఎలా అడగాలి

"మన వంశం గురించి చెప్పు అమ్మమ్మా" అంటే ఏ అమ్మమ్మకైనా ఏం చెప్పాలో తోచదు. చిన్న, సూటి ప్రశ్నలు వేయాలి. బాగా పనిచేసేవి ఇవి:

- మనకు మైల పట్టే ఇళ్లు ఏవి? ఏ ఊళ్లో ఉన్నాయి?
- ఎవరెవరి తద్దినాలు పెట్టేవారు? ఏ తిథికి?
- ఈ ఊరికి మొదట వచ్చింది ఎవరు? ఏ ఊరి నుంచి?
- ఇల్లరికం వచ్చినవాళ్లు, దత్తత వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?
- పొలం పంచుకున్నప్పుడు ఎన్ని వాటాలు వేశారు?
- ఫలానా వాళ్లతో పెళ్లి సంబంధాలు ఎందుకు కలుపుకోరు?

మైల ప్రశ్నకు ప్రత్యేకంగా సమయం ఇవ్వండి. ఇంటిపేరు, గోత్రం ఒకటే ఉన్న కుటుంబాలు వందలు ఉండొచ్చు, కానీ చావుకు పది రోజులు మైల పాటించేది నిజమైన జ్ఞాతులే. మాటలు ఆగిపోయి ముప్పై ఏళ్లయినా మైల కబురు మాత్రం పంపుకునే ఇళ్లు ఉంటాయి. వాళ్ల దగ్గర మీ ముత్తాత గురించి మీ ఇంట్లో లేని కాగితం ఉండే అవకాశం ఎక్కువ.

తర్పణం విడిచే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరసగా చెబుతారు, తల్లివైపు వాళ్లవీ చెబుతారు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడూ మూడు తరాలు వస్తాయి. ఇప్పుడు డెబ్భై దాటిన బాబాయిని ఆయన తండ్రి తర్పణంలో ఏ పేర్లు చెప్పేవారో గుర్తు చేసుకోమనండి, మరో రెండు తరాలు దొరకొచ్చు.

సంవత్సరాలు అడిగితే పెద్దవాళ్లు తడబడతారు, సంఘటనలు అడిగితే ఠక్కున చెబుతారు. ఈ పట్టిక దగ్గర పెట్టుకోండి:

- గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువు: 1832–33, నందన
- బందరు ఉప్పెన: 1864 నవంబరు 1, రక్తాక్షి
- ధాత కరువు: 1876–78
- హైదరాబాద్ మూసీ వరద: 1908 సెప్టెంబరు 28, కీలక
- ఇన్‌ఫ్లూయెంజా: 1918
- పోలీసు చర్య: 1948 సెప్టెంబరు
- దివిసీమ ఉప్పెన: 1977 నవంబరు 19, పింగళ

తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే చెబితే అరవై ఏళ్ల చక్రం మర్చిపోకండి. "ధాతలో పుట్టాడు" అంటే 1876 కావచ్చు, 1936 కూడా కావచ్చు. ఆ మనిషి పెద్ద కొడుకు వయసుతో పోల్చి చూస్తే ఏదో ఒకటి కుదరకుండా పోతుంది.

మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి, కానీ ముందు అడిగి చేయండి. ఇద్దరు ముగ్గురిని ఒకేచోట కూర్చోబెడితే పెద్ద గొంతున్నవారి మాటే మిగులుతుంది, కాబట్టి విడివిడిగా అడిగి తర్వాత పోల్చుకోండి. మేనత్తల్ని, పెద్దమ్మల్ని అసలు వదలొద్దు, సంబంధాలు, పుట్టిళ్లు, పురుళ్లు వాళ్లకు గుర్తున్నంతగా మగవాళ్లకు గుర్తుండవు.

## 4. ఊరు, తాలూకా, జిల్లా సరిచూసుకోండి

రికార్డులు మనుషుల పేర్లతో కాకుండా ఊళ్ల పేర్లతో కట్టలు కట్టి ఉంటాయి. అందుకే పేరు ఎంత బాగా తెలిసినా రెవెన్యూ గ్రామం (భూమి లెక్కల కోసం ప్రభుత్వం ఊరుగా గుర్తించినది) తెలియకపోతే పని జరగదు. మీరు ఊరు అనుకునేది ఇంకో రెవెన్యూ గ్రామానికి శివారు కావచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు 1985లో వచ్చాయి. అంతకు ముందు ఆ ఊరు ఏ తాలూకాలో ఉండేదో కనుక్కోండి. జిల్లాలూ మారాయి: గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, పశ్చిమ గోదావరి 1925లో, శ్రీకాకుళం 1950లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో. ఆపైన తెలంగాణలో 2016 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో కొత్త జిల్లాలు. ఒంగోలు దగ్గరి ఊరికి 1880ల నాటి కాగితం కావాలంటే నెల్లూరు జిల్లా పేరుతో వెతకాలి. గంజాం వైపు కుటుంబాలైతే 1936లో ఒడిశా విడిపోయిన సంగతి గుర్తుపెట్టుకోండి.

## 5. పాత కాగితంలో తేదీ, పేరు చదవడం

ఫసలీ అంటే శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మద్రాసు వైపు ఫసలీ జులై 1న మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్ వరకు. శక సంవత్సరానికి 78 కలిపితే సుమారుగా సరిపోతుంది. నిజాం కాగితాల్లో ఫసలీతో పాటు హిజ్రీ కూడా కనిపిస్తుంది, ఆ రెండూ వేరు వేరు లెక్కలు, కాబట్టి అంకె పక్కన ఏ మాట ఉందో చూడకుండా మార్చొద్దు.

కరణాల గొలుసుకట్టు రాత మొదట్లో అస్సలు అర్థం కాదు. మీకు ఇప్పటికే తెలిసిన పేర్లు, ఊరి పేరు ఎక్కడున్నాయో ముందు గుర్తించండి, ఆ అక్షరాల తీరుతో మిగతావి విప్పుకుంటూ పోండి. "బిన్", "వల్ద్" అని కనిపిస్తే కొడుకు అని, "జౌజే" అంటే భార్య అని. ఉర్దూ కాగితాలకు పాత రెవెన్యూ ఉర్దూ చదవగలిగిన మనిషి అవసరం, మామూలు ఉర్దూ వచ్చినంత మాత్రాన శికస్తా అనే గొలుసుకట్టు రాత చదవడం రాదు.

అణాల లెక్క కూడా నేర్చుకోండి. ఊళ్లో వాటాను పదహారు అణాలుగా లెక్కేసేవారు. ఒక అగ్రహారంలో మీ ముత్తాతకు రెండణాల వాటా ఉంది, ఇంకో రెండణాలు అదే ఇంటిపేరున్న మరొకరికి, నాలుగణాలు మూడో వ్యక్తికి ఉన్నాయనుకోండి. ఎనిమిదణాలు ఇద్దరు అన్నదమ్ములకు నాలుగేసి చొప్పున పంచి, అందులో ఒకరి వాటా మళ్లీ ఇద్దరు కొడుకులకు వెళ్లి ఉండొచ్చన్న అనుమానం వస్తుంది. అది రుజువు కాదు, కానీ ఏ కాగితం కోసం వెతకాలో చెబుతుంది.

## 6. కోస్తా, రాయలసీమ: ఏ రికార్డు ఏ వరసలో

కొత్త నుంచి పాతకు వెళ్లండి. మొదట మీ భూమి సర్వే నంబరుతో ఇప్పటి 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), అడంగల్ (సర్వే నంబరు వారీగా సాగు వివరాలు రాసే గ్రామ లెక్క) తీసుకోండి. తర్వాత తహసీల్దారు ఆఫీసులో పాత అడంగళ్లు, 10(1) రిజిస్టరు (పట్టాదారు వారీగా భూములు రాసే గ్రామ లెక్క). పట్టాదారు పేరు తండ్రి నుంచి కొడుకులకు మారిన ఏడాది దగ్గర ఆగి, ఆ మార్పు ఏ ఉత్తర్వు మీద జరిగిందో రాసుకోండి. కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి, అప్పుడు గ్రామ లెక్కలు పై ఆఫీసులకు వెళ్లాయి, అందులో కొన్ని కట్టలు పాత కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి కాబట్టి ఆ ఇంటినీ ఒకసారి అడగండి.

దాని వెనక రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండటంతో దీన్ని డైగ్లాట్ అని కూడా అంటారు. సర్వే నంబరు వారీగా అప్పటి పట్టాదారు ఎవరో ఇందులో ఉంటుంది. మీ ఊరు జమీందారీ గ్రామమైతే పాత రైతువారీ (రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతి) రిజిస్టరు ఉండదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటులో తయారైన ఫెయిర్ అడంగల్ చూడాలి, అంతకు ముందు కాలానికి జమీందారుకీ రైతుకీ మధ్య మారిన పట్టాలు, ముచ్చిలికలు (రైతు రాసిచ్చిన ఒప్పుకోలు పత్రాలు) వెతకాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, "మా ఊరికి రికార్డే లేదన్నారు" అంటారు. ఊరు ఏ రకం గ్రామమో ముందే తెలిస్తే సరైన రిజిస్టరు పేరు చెప్పి అడగొచ్చు.

ఇక ఇనాం ఫెయిర్ రిజిస్టరు. ఇనాం అంటే శిస్తు లేకుండానో, తక్కువ శిస్తుతోనో దానంగా ఇచ్చిన భూమి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ పెట్టారు, ఆ తర్వాతి ఏళ్లలో ఊరూరా ఇనాం భూములను విచారించి ఈ రిజిస్టర్లు రాశారు. ఇనాం మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వాళ్ల వయసెంత, మొదట పొందినవాడికి వీళ్లేమవుతారు అన్న వివరాలు ఇందులో ఉంటాయి. ఒక్క ఎంట్రీ మిమ్మల్ని 1860ల నుంచి 1700ల్లోకి తీసుకెళ్లగలదు.

ఇనాం అంటే బ్రాహ్మణ అగ్రహారాలే అనుకుని మిగతావాళ్లు దీన్ని వదిలేస్తారు, అలా చేయొద్దు. తలారి, వెట్టి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, గుడి మేళగాళ్లు, ఇలా ఊరి సేవ చేసినవాళ్లందరికీ సర్వీసు ఇనాములు ఉండేవి. సొంత పట్టా లేని చేతివృత్తి కుటుంబం పూర్వీకుడి పేరు కాగితం మీద కనిపించే మొదటి చోటు చాలాసార్లు ఇదే. దీని తర్వాత 1956 ఇనాం రద్దు చట్టం కింద జరిగిన విచారణ ఫైళ్లు చూడండి, రెండింటి మధ్య మూడు నాలుగు తరాల దూరం ఉంటుంది.

ఎక్కడ అడగాలి:

- తహసీల్దారు ఆఫీసు: అడంగళ్లు, 10(1), మ్యుటేషన్ (పేరు మార్పు) ఫైళ్లు
- కలెక్టరేట్ రికార్డు రూమ్: సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు
- చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్: మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రెవెన్యూ రికార్డులు

నకలు దరఖాస్తులో గ్రామం, పాత తాలూకా, సర్వే నంబరు, రిజిస్టరు పేరు, సుమారు సంవత్సరం రాయండి. "మా వంశం వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఎవరూ ఇవ్వలేరు. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. మన రెండు రాష్ట్రాల్లో మండల స్థాయి ఆఫీసుకు 5 రూపాయలు, పై స్థాయికి 10 రూపాయలు ఫీజు, 30 రోజుల గడువు.

ఇంకా పాత కాలానికి కైఫీయతులు ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులైన కావలి సోదరులు, వాళ్ల మనుషులు 1800 తర్వాతి ఏళ్లలో ఊళ్ల చరిత్రలు సేకరించారు. ఊరు ఎవరు కట్టారు, కరణీకం ఏ కుటుంబానిది, గుడి మాన్యాలు ఎవరివి అన్నవి వాటిలో ఉంటాయి. కరణం కుటుంబాలకు ఇది చాలా ఉపయోగం. అయితే అందులోని పేరుకూ మీ దగ్గర కాగితంతో తేలిన చివరి పేరుకూ మధ్య ఖాళీ ఉంటే ఖాళీగానే చూపించండి.

## 7. తెలంగాణ: ఏ రికార్డు ఏ వరసలో

ఇక్కడ అందరూ ముందు పట్టుకోవాల్సింది 1954–55 ఖాస్రా పహాణీ (పహాణీ అంటే కోస్తాలో అడంగల్ లాంటి గ్రామ భూమి లెక్క). పట్టాదారు ఎవరు, కాస్తు చేస్తున్నది ఎవరు అన్నవి రెండూ ఇందులో దొరుకుతాయి. దాని వెంటనే 1955–58 చేసాల పహాణీ. ఇప్పటి ఆన్‌లైన్ రికార్డు నుంచి వెనక్కి ఏడాది ఏడాదీ పహాణీలు చూసుకుంటూ ఖాస్రా దాకా వెళ్లండి, మధ్యలో పేరు మారిన చోట విరాసత్ (వారసత్వ మార్పు) ఫైలు అడగండి. విరాసత్ ఫైల్లో వారసుల పేర్లు, పంచుల వాంగ్మూలం ఉంటే మీ తరం ముడి అక్కడే పడుతుంది.

ఖాస్రా వెనక సేత్వార్, వసూల్ బాకీ. ఇవి నిజాం కాలం నాటి సర్వే, శిస్తు రికార్డులు, ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి.

సొంత భూమి లేని కుటుంబాలు 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారు రిజిస్టరు చూడాలి. దొర పట్టా కింద దున్నిన మనిషి పేరు, అతని తండ్రి పేరు అక్కడ ఉండొచ్చు. ఇనాం భూములైతే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్ (ఇనాం రద్దయ్యాక ఇచ్చిన హక్కు పత్రం) ఫైళ్లు.

జాగీర్లు 1949లో రద్దయ్యాయి. జాగీర్దారు, మక్తేదారు కుటుంబాలకు ముంతఖబ్ అనే కాగితం ముఖ్యం, అందులో వారసులు ఎవరు, ఎవరి వాటా ఎంత అన్నది తేల్చి రాస్తారు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పర్షియన్, ఉర్దూ రికార్డులు పెద్ద ఎత్తున ఉన్నాయి. ముస్లిం కుటుంబాలు ఖాజీ దగ్గరి నిఖా రిజిస్టర్లు, దర్గాకు సంబంధం ఉంటే అక్కడి షజ్రా (వంశవృక్షం) కూడా చూడాలి.

## 8. రిజిస్ట్రేషన్ ఆఫీసు

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) సాధారణంగా 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేతితో వెతికించాలి. అక్కడ ముఖ్యమైన ఇండెక్సులు రెండు: ఒకటి మనుషుల పేర్లతో, ఇంకోటి ఆస్తులతో. మనుషుల ఇండెక్సు అడగండి, ఇంటిపేరు ఎన్ని రకాలుగా రాసే వీలుందో అన్ని రకాలుగా చూడండి.

బుక్ 3 గురించి చాలామందికి తెలియదు. వీలునామాలు, దత్తత తీసుకునే అధికారం ఇచ్చిన పత్రాలు అందులో నమోదవుతాయి. రాసిన మనిషి పోయాక ఎవరైనా దరఖాస్తు చేసి నకలు తీసుకోవచ్చు. దత్తత అనుమానం ఉన్న తరం దగ్గర ఇది తప్పకుండా చూడండి.

## 9. జమీందారీ, సంస్థానాల వంశాలు

విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, వెంకటగిరి, చల్లపల్లి, తెలంగాణలో గద్వాల, వనపర్తి, జటప్రోలు లాంటి కుటుంబాల వంశావళులు అచ్చులో దొరుకుతాయి. వాటిని చదివే పద్ధతి ఒకటుంది. మొదటి భాగం సూర్యుడి నుంచో చంద్రుడి నుంచో మొదలవుతుంది, మధ్య భాగం యుద్ధవీరులది, చివరి భాగం కాగితాలున్న కాలానిది. మద్రాసు వైపు శాశ్వత పరిష్కారం (జమీందార్లు కట్టే శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు) 1802లో వచ్చింది, అప్పుడు ఇచ్చిన సనదుల (హక్కు పత్రాల) నుంచి కింది తరాలను గట్టిగా పట్టుకోవచ్చు. దానికి ముందు తరాలను శాసనాలు, ఫర్మానాలతో సరిచూడకుండా నమ్మొద్దు.

నా దృష్టిలో ఈ వంశాలకు అన్నిటికన్నా మంచి ఆధారం కోర్టు తగాదాలు. గద్దె ఎవరిది అని కొట్టుకున్నప్పుడు రెండు పక్షాలూ వంశవృక్షాలు దాఖలు చేశాయి, ఎదుటివాళ్లు వాటిలో తప్పులు వెతికారు, సాక్షుల్ని ప్రశ్నించారు. వాసిరెడ్డి వారి దత్తత వివాదం 1840ల్లో అప్పటి చివరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది, పిఠాపురం కేసు తీర్పు 1899లో వచ్చింది. మద్రాసు హైకోర్టు 1862 నుంచి ఉంది. తీర్పు ఒక్కటే చదివి వదిలేయకండి, దాఖలైన పత్రాల్లోనే అసలు వంశవృక్షం ఉంటుంది.

మీరు ఆ వంశంలో చిన్న శాఖ అని ఇంట్లో చెప్పుకుంటే ఇలా పరీక్షించండి. విభాగం కాని (అన్నదమ్ములకు పంచని) జమీందారీల్లో గద్దె పెద్ద కొడుకుది, తమ్ముళ్లకు మనోవర్తి కింద భత్యమో, ముఖాసా గ్రామమో (బతుకుదెరువుకు ఇచ్చిన ఊరు) ఇచ్చేవారు. నిజంగా తమ్ముడి శాఖ అయితే ఆ మనోవర్తి పత్రమో, ముఖాసా రికార్డో, తగాదాలో వాది ప్రతివాదుల జాబితాలో పేరో ఎక్కడో ఒకచోట ఉండాలి. మూడు చోట్లా లేకపోతే ఆ మాటను "విన్న మాట" గడిలోనే ఉంచండి.

ఇంటిపేరు కలిసిందని మాత్రం వంశం కలపొద్దు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల నుంచి వచ్చినవే. ఒకే ఊరి నుంచి వెళ్లిన వేర్వేరు కులాల, వేర్వేరు కుటుంబాల వాళ్లకు ఒకే ఇంటిపేరు వచ్చింది.

ఇంకో సంగతి. ఎస్టేటు రికార్డులు జమీందారు కుటుంబానివి మాత్రమే కావు. జమాబందీ (ఏటా శిస్తు తేల్చే) లెక్కల్లో రైతుల పేర్లు, కొలువు జాబితాల్లో లేఖకులు, సవారీ మనుషులు, మేళగాళ్లు, వంటవాళ్ల పేర్లు ఉంటాయి. మామూలు కుటుంబాల వెతుకులాటకు అవి రాజుగారి వంశావళి కన్నా ఎక్కువ పనికొస్తాయి.

## 10. భూమి కాగితాలు లేని కుటుంబాలు

భూమి లేకపోతే దారి లేదని వదిలేయకండి.

చర్చి రిజిస్టర్లు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి, నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టులు, కడప వైపు లండన్ మిషన్, మెదక్ వైపు మెథడిస్టులు పనిచేశారు. ధాత కరువు చివర్లో, 1878లో, ఒంగోలు ప్రాంతంలో వేలమంది బాప్తిస్మం తీసుకున్నారు. బాప్తిస్మ రిజిస్టర్లలో పాత పేరు, కొత్త పేరు, ఊరు ఉండే అవకాశం ఉంది. క్రైస్తవులైన మాల, మాదిగ కుటుంబాలకు 19వ శతాబ్దంలోకి వెళ్లే అత్యంత మంచి దారి ఇదే.

వలస వెళ్లినవాళ్లు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి 1911 వరకు, ఫిజీకి 1879 నుంచి 1916 వరకు (మద్రాసు రేవు నుంచి 1903 తర్వాత), మారిషస్‌కు 1834 నుంచి ఒప్పంద కూలీలు వెళ్లారు. నేటాల్ ఓడ జాబితాల్లో, ఫిజీ వలస పాసుల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, అక్కడ వలస నంబరే తాళంచెవి. పేర్లు, ఊళ్లు ఇంగ్లీషు గుమాస్తా విన్నట్టు రాసినవి కాబట్టి పైకి చదివి వినండి, తర్వాత ఆ జిల్లా రెవెన్యూ గ్రామాల జాబితాతో పోల్చండి.

వంశం చెప్పేవాళ్లు. రాజులు, వెలమల వంటి వారికి భట్రాజులు, రెడ్లకు పిచ్చుకుంట్లవాళ్లు, పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర గోత్రాలు, శాఖలు, మూల ఊళ్లు బాగా దొరుకుతాయి. తరాల వరసకు మాత్రం వేరే ఆధారం కావాలి. వాళ్ల సమయానికి సంభావన ఇచ్చి, గౌరవంగా అడిగి రికార్డు చేయండి.

తీర్థాల్లో పండాలు. కాశీ, గయ, ప్రయాగ, పూరీ వెళ్లిన పెద్దల పేర్లు పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే పద్దు పుస్తకాల్లో, ఉండొచ్చు. పాత జిల్లా, ఊరు, ఇంటిపేరు చెప్పి మీ ప్రాంతం పండా ఎవరో అడగండి. పేజీ ఫొటో తీయనిస్తారేమో ముందే మాట్లాడుకోండి. ఎంట్రీలో సంతకం, తేదీ, వెంట వచ్చినవాళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూడండి, అవి లేకుండా ఊరికే చదివి వినిపించిన వరసను ఆధారంగా రాసుకోవద్దు.

బడి రిజిస్టర్లు. అడ్మిషన్ రిజిస్టర్లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. పుట్టిన తేదీని మాత్రం నమ్మొద్దు, చాలావరకు మాస్టారు వేసిన తేదీలే.

జనాభా లెక్కల్లో పాత ఇంటి వివరాలు దొరుకుతాయని కొందరు తిరుగుతుంటారు. మన దేశంలో ఇంటింటి పాత పత్రాలు దాచిపెట్టలేదు, మొత్తం అంకెలే మిగిలాయి, ఆ వైపు సమయం పెట్టొద్దు.

## 11. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

తాతనూ మనవణ్నీ ఒకరే అనుకోవడం. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల వెంకయ్య కొడుకు సుబ్బయ్య, అతని కొడుకు మళ్లీ వెంకయ్య, అతని కొడుకు మళ్లీ సుబ్బయ్య. రెండు కాగితాల్లో ఒకే పేరు కనిపించినంత మాత్రాన ఒకే మనిషి కాదు. మధ్య దూరం నలభై ఏళ్లు దాటితే తండ్రి పేరు, భార్య పేరు, సర్వే నంబరు మూడూ పోల్చండి.

తరాలు మాయమవడం. తరానికి సుమారు 25 నుంచి 30 ఏళ్లు వేసుకోండి. 1860ల ఇనాం రిజిస్టరు నుంచి ఇప్పటికి ఐదారు తరాలు రావాలి. మీ పట్టికలో మూడే ఉంటే ఎక్కడో ఒక సుబ్బయ్య తగ్గాడు.

దత్తత, ఇల్లరికం. దత్తపుత్రుడి పేరు కాగితంలో దత్త తండ్రి కొడుకుగానే ఉంటుంది, ఇల్లరికపు అల్లుడికి మామగారి భూమి వస్తుంది. పట్టాదారు ఇంటిపేరు ఒక్కసారిగా మారితే భూమి అమ్మేశారని అనుకునే ముందు కూతురి దారి చూడండి. పట్టికలో రెండు గీతలు గీయండి: కన్నవాళ్లకు ఒకటి, దత్తత తీసుకున్నవాళ్లకు చుక్కల గీత.

ఆన్‌లైన్ వృక్షాలను కాపీ చేయడం. ఎవరో పెట్టిన చెట్టులో ఆధారం లేకపోతే దాన్ని వెతకడానికి సూచనగా వాడండి, అంతవరకే.

డీఎన్‌ఏ పరీక్షపై అతి నమ్మకం. తరతరాలుగా మేనరికాలు, ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. కాగితం చెప్పినదాన్ని సరిచూడటానికి పనికొస్తుంది, కాగితానికి బదులు కాదు.

నచ్చని నిజాన్ని దాచడం. రెండో భార్య, ఇంట్లోంచి వెళ్లిపోయిన కూతురు, వేరే కులంలో పెళ్లి చేసుకున్న బాబాయి, వీళ్లను తీసేస్తే పట్టిక తప్పవుతుంది. బతికున్నవాళ్ల వివరాలు మాత్రం వాళ్ల అనుమతి లేకుండా బయట పెట్టొద్దు.

## 12. పట్టిక కట్టడం, దాచడం

కాగితం మీద మొదలుపెట్టినా చివరికి కంప్యూటర్లో ఎక్కించండి. గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, తెలుగులో పేర్లు టైపు చేయొచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా జెడ్‌కామ్ (GEDCOM, వేరే వంశవృక్ష సాఫ్ట్‌వేర్లూ చదవగలిగే ఫైలు రకం) ఫైలుగా బయటికి తీసుకునే వీలుండాలి, లేకపోతే ఆ కంపెనీ మూతపడిన రోజున మీ పని అంతా పోతుంది.

ఒక్కో తరాన్ని ఖాయం చేసే ముందు ఇవి సరిచూడండి:

- తండ్రీబిడ్డల సంబంధం చెప్పే కాగితం ఒక్కటైనా ఉందా?
- రెండో ఆధారం దానితో కలుస్తోందా, తేడా ఉంటే రాశారా?
- వయసులు కుదురుతున్నాయా?
- ఊరు, పాత తాలూకా సరిపోయాయా?
- తల్లి పేరు, పుట్టిల్లు ఉన్నాయా?
- నకలు తీసుకున్న ఆఫీసు, తేదీ, ఫైలు నంబరు రాశారా?

ఒక్కో కాగితం ఫొటోకు ఊరు, సంవత్సరం, పేరు కలిపి ఫైలు పేరు పెట్టండి. మూడు కాపీలు ఉంచండి: ఒకటి మీ దగ్గర, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న పెదనాన్న పిల్లల దగ్గరో, మేనత్త పిల్లల దగ్గరో. పట్టిక ప్రింటు తీసి మైల పట్టే ఇళ్లన్నింటికీ పంపండి, ఖాళీ గడులు కనిపించేలా పంపండి. "ఇక్కడ ఒక పేరు తప్పు రాశారు" అంటూ మొదటి ఫోను ఎవరి దగ్గర నుంచి వస్తుందో, తర్వాత వెళ్లి కూర్చోవాల్సింది ఆ ఇంట్లోనే.